కష్టాన్ని తట్టుకున్న పిల్లలు: ఎవరిని అడిగి తెలుసుకోవాలి?

పిల్లలూ, పాఠంలోకి వెళ్లే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఒకటో తరగతి నుంచి ఇప్పటివరకు మీరు ఎన్ని బడులు మారారు? ఎన్ని ఊళ్లలో ఉన్నారు? మన బడుల్లో ఏ తరగతిలో ఈ ప్రశ్న అడిగినా మొదటినుంచీ ఒకే బడిలో చదివినవాళ్లు కొద్దిమందే ఉంటారు. మిగిలినవాళ్లంతా వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెడతారు. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలు, టీసీ కోసం పరుగులు, స్నేహితుల ఫోన్ నంబర్లు రాసుకోవడం, కొత్త బడిలో మొదటి రోజు ఏ బెంచీలో కూర్చోవాలో తెలియక నిలబడిపోవడం, ఇవన్నీ మీకు అలవాటే.

సంక్రాంతికి తాతయ్యగారి ఊరు వెళ్లినప్పుడు కాలువ కింద పొలాల్లో వరినాట్లు చూసే ఉంటారు. నారుమడిలో ఒత్తుగా పెరిగిన నారును వేళ్లతో సహా పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన పొలంలో నాటుతారు. నాటిన కొన్ని రోజులు మొక్క వాడి, పసుపు రంగుకు తిరుగుతుంది. ఇక బతకదేమో అనిపిస్తుంది. తర్వాత కొత్త వేళ్లు పోసుకుని, పచ్చబడి, నిటారుగా నిలబడుతుంది. దీన్నే రైతులు ‘మూన తిరిగింది’ అంటారు.

నారు మూన తిరగడానికి నారు బలంగా ఉంటే చాలా? ఏ రైతునైనా అడగండి. మడిలో తగినంత నీరు ఉండాలి, నేల బాగా దమ్ము పట్టి ఉండాలి, నాటే చేయి తెలిసినదై ఉండాలి అంటాడు. పిల్లల విషయంలోనూ శాస్త్రజ్ఞులు ఇదే ప్రశ్న వేసుకున్నారు. కష్టం వచ్చినప్పుడు కొందరు పిల్లలు ఎలా నిలదొక్కుకుంటారు? ఆ బలం పిల్లల్లో ఉందా, వాళ్ల చుట్టూ ఉందా? దీనికి జవాబు ఎవరిని అడిగారన్న దాన్ని బట్టి మారిపోయింది. ఆ సంగతే ఈ పాఠం.

1. మాటకు అర్థం

ఇంగ్లీషులో దీన్ని ‘రెజిలియన్స్’ అంటారు. భౌతికశాస్త్రంలో మీరు ‘స్థితిస్థాపకత’ అనే మాట చదువుకున్నారు. రబ్బరును సాగదీసి వదిలితే మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. అయితే పిల్లలు రబ్బరు కాదు. కష్టం దాటిన పిల్లవాడు పాత రూపానికి తిరిగి రాడు, పెరుగుతూ ముందుకు పోతాడు. అందుకే పిల్లల విషయంలో ‘నిలదొక్కుకునే శక్తి’ అనుకుంటే సరిగ్గా సరిపోతుంది.

ఈ శక్తి ఉందని చెప్పాలంటే రెండు విషయాలు కనబడాలి. మొదటిది, ఆ పిల్లవాడికి నిజంగా కష్టం వచ్చి ఉండాలి. పేదరికం, కరవు, ఇంట్లో జబ్బు, యుద్ధం, ఊరు విడిచి వెళ్లవలసిరావడం, ఇలా ఏదైనా కావచ్చు. రెండవది, ఆ తర్వాత కూడా అతని చదువు, ఆరోగ్యం, మనుషులతో కలివిడి బాగానే సాగుతూ ఉండాలి. ఇది ఒక్కరోజు పరీక్షలో తేలే విషయం కాదు. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తూ ఉండాలి. దీన్ని ‘దీర్ఘకాలిక అధ్యయనం’ అంటారు.

2. కవాయి దీవిలో 698 మంది పిల్లలు

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో కవాయి ఒకటి. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను పరిశోధకులు తమ అధ్యయనంలోకి తీసుకున్నారు. ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని నడిపించినవారిలో ముఖ్యులు. వెర్నర్ జర్మనీలో పుట్టి, చిన్నతనంలో రెండో ప్రపంచయుద్ధాన్ని కళ్లారా చూసిన మనిషి.

కవాయిలో చెరకు తోటల్లో, అనాస తోటల్లో పని చేయడానికి ఎన్నో దేశాలవాళ్లు వచ్చి స్థిరపడ్డారు. అందుకని ఆ 698 మందిలో హవాయి స్థానికుల పిల్లలతో పాటు జపాన్, ఫిలిప్పీన్స్, పోర్చుగల్ మూలాలున్న కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. ఏడాది వయసులో, 2, 10, 18, 32, 40 ఏళ్ల వయసుల్లో వాళ్లను కలుస్తూ వచ్చారు.

వాళ్లలో సుమారు మూడోవంతు, అంటే 201 మంది, రెండేళ్లు నిండేలోపే నాలుగు లేదా అంతకు మించిన చిక్కుల్లో ఉన్నారు. తీరని పేదరికం, పుట్టినప్పుడే ఆరోగ్య సమస్యలు, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక అనారోగ్యం వంటివి అవి. ఇలాంటి పిల్లలందరూ చెడిపోతారనే అప్పట్లో చాలామంది నమ్మకం. వారిలో 72 మంది, అంటే మూడోవంతుకు పైగా, చదువులో, పనిలో, మనుషులతో మెలగడంలో నిబ్బరంగా ఎదిగారు.

ఎలా? ఆ పిల్లల్లో కొందరు స్వతహాగా కలుపుగోలుగా ఉండేవారు, నిజమే. అంతకు మించి మరో విషయం కనిపించింది. ప్రతి ఒక్కరి జీవితంలోనూ చిన్నప్పటినుంచి పట్టించుకునే పెద్ద మనిషి కనీసం ఒక్కరు ఉన్నారు. ఆ మనిషి తల్లి లేదా తండ్రే కానక్కరలేదు. నానమ్మ, తాత, పిన్ని, పెద్దక్క, పక్కింటావిడ, బడిలో టీచరు, ఎవరైనా కావచ్చు. ఇంట్లో ఏదో ఒక బాధ్యత, తమ్ముణ్ణి చూసుకోవడమో వంటలో సాయపడడమో, వాళ్లకు ఉండేది. తాము ఎవరికో పనికొస్తున్నామన్న భావన వాళ్లను నిలబెట్టింది.

ఇంకో మంచి మాట కూడా ఉంది. పద్దెనిమిదేళ్లప్పుడు చిక్కుల్లో ఉన్న వారిలోనూ ఎక్కువమంది 30, 40 ఏళ్లు వచ్చేసరికి కుదురుకున్నారు. మళ్లీ చదువుకునే అవకాశం, సైన్యంలో ఉద్యోగం, మంచి జీవిత భాగస్వామి దొరకడం వంటివి వాళ్లకు రెండో దారి చూపాయి. పరిశోధన 18 ఏళ్లకే ఆగి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

గమనించండి. నానమ్మల పాత్ర, పక్కింటివాళ్ల పాత్ర బయటపడ్డాయంటే కారణం, రకరకాల కుటుంబాలు ఆ జాబితాలో ఉండడమే. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఉండే ఇళ్లనే తీసుకుని ఉంటే నానమ్మ సంగతి ఎవరు అడుగుతారు?

3. ఒక్క రకం ఇళ్లనే అడిగితే?

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ చూద్దాం. పిల్లల మనోబలం గురించి చేసిన ఒక ప్రయోగం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదలుపెట్టారు. నాలుగేళ్ల పిల్లవాడి ముందు మార్ష్‌మాలో వంటి ఒక తీపి పదార్థం పెడతారు. “ఇప్పుడే తింటే ఇదొక్కటే. నేను తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు ఇస్తాను” అని చెప్పి బయటికి వెళ్తారు. కొందరు ఆగలేక తినేస్తారు. కొందరు కళ్లు మూసుకుని, పాటలు పాడుకుంటూ పదిహేను నిమిషాలు ఓపిక పడతారు.

కొన్నేళ్ల తర్వాత చూస్తే ఎక్కువసేపు ఆగిన పిల్లలకు పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి. దీంతో ‘ఆగగలిగే పిల్లలే జీవితంలో గెలుస్తారు’ అన్న మాట అంతటా పాకిపోయింది. కానీ ఆ పిల్లలెవరు? చాలావరకు ఆ విశ్వవిద్యాలయానికి చెందిన కుటుంబాల పిల్లలు. చదువుకున్న ఇళ్లు, లోటు లేని వంటిళ్లు వాళ్లవి.

2018లో టైలర్ వాట్స్, మరో ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ పరిశీలించారు. ఈసారి తల్లులు కాలేజీ చదువు పూర్తిచేయని కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఏం తేలింది? ఓపికకూ మార్కులకూ ఉన్న సంబంధం మొదట చెప్పినదానిలో సగం మాత్రమే. ఇంటి ఆదాయం, తల్లి చదువు, ఇంటి వాతావరణం వంటివి కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలో మళ్లీ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. పిల్లవాడి గుణంగా కనిపించినదానిలో చాలా భాగం అతని ఇంటి పరిస్థితి అన్నమాట. రేపటికి డబ్బాలో ఏమీ మిగలని ఇంట్లో, ఎదురుగా ఉన్నది ఇప్పుడే తినడం తెలివితక్కువతనం కాదు కదా!

అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్సో అనే తెగవారు వ్యవసాయం చేసుకుని బతుకుతారు. వాళ్ల పిల్లలనూ, జర్మనీలోని మధ్యతరగతి పిల్లలనూ ఇదే పరీక్షకు కూర్చోబెట్టారు. న్సో పిల్లలకు మార్ష్‌మాలో తెలియదు కాబట్టి, అక్కడ నూనెలో వేయించే పఫ్ పఫ్ అనే తీపి పిండివంట పెట్టారు. న్సో పిల్లల్లో ప్రతి 10 మందికి సుమారు ఏడుగురు చివరిదాకా ఆగారు. జర్మన్ పిల్లల్లో ఆగినవాళ్లు 10 మందికి సుమారు ముగ్గురే! ఏ బొమ్మలూ లేని మట్టి ఇళ్లలో, పెద్దల మాట విని మసలుకోవడం నేర్పే ఆ తల్లుల పెంపకంలో ఎంత బలం ఉందో, వాళ్లను అడిగేదాకా ఎవరూ గమనించలేదు.

ఇలా అడగకపోవడం ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు. కెనడాలో పనిచేసే ముగ్గురు పరిశోధకులు 2010లో ఒక వ్యాసంలో చూపిన లెక్క ఇది: మనస్తత్వ శాస్త్ర పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతం మాత్రమే ఉన్న దేశాలవాళ్లు. మిగిలిన 88 శాతం జనాభా నుంచి వచ్చినవాళ్లు 4 శాతమే. మనం ఈ రెండో గుంపులో ఉన్నాం.

4. కరవు చూసిన ఇళ్లు, బడిలో అన్నం

మరి మన ఇళ్లను ఎవరూ అడగలేదా? అడిగారు. 2002లో ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారత్ దేశాల్లో మొదలైంది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీన్ని నడుపుతోంది. నాలుగు దేశాల్లో కలిపి 12,000 మంది పిల్లలు. మన దేశంలో దీనికి ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో పాలుపంచుకున్నాయి.

శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాలు, హైదరాబాద్ నగరం, వీటిలో 20 ప్రాంతాలను ఎంచుకున్నారు. 2001-02లో పుట్టినవారు 2,000 మంది, 1994-95లో పుట్టినవారు 1,000 మంది. పేదవాళ్లుండే ప్రాంతాలను కావాలనే ఎక్కువగా తీసుకున్నారు. తీరం, మెట్ట, నగరం, గిరిజన ప్రాంతం, అన్నీ కలిసేలా చూశారు. కొన్నేళ్లకోసారి అవే ఇళ్లకు మళ్లీ వెళ్లారు. 2020లో కొవిడ్ వచ్చి ఇళ్లకు వెళ్లడం కుదరనప్పుడు ఫోన్లో పలకరించారు. చంటిపిల్లలుగా జాబితాలోకి ఎక్కినవాళ్లు ఇప్పుడు ఇరవయ్యేళ్లు దాటిన యువతీ యువకులు.

ఈ పిల్లల వివరాల నుంచి తేలిన ఒక్క విషయం చెబుతాను. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో మన రాష్ట్రంలో తీవ్రమైన కరవు వచ్చింది. పసితనంలో ఇంట్లో తిండి తగ్గితే పిల్లల ఎత్తు, బరువు తగ్గిపోతాయి. దాని ప్రభావం చాలా ఏళ్లు ఉంటుంది. అయితే 2001 నవంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆ తర్వాత మన బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ఆర్థికశాస్త్ర పరిశోధకులు ఈ రెంటినీ కలిపి చూశారు. కరవు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లలు బడికి వచ్చి ఈ భోజనం తిన్నప్పుడు, కరవు వల్ల వాళ్ల శరీరానికి కలిగిన నష్టం పూడుకుందని వాళ్లు గుర్తించారు.

ఒక్కసారి ఆలోచించండి. అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట పల్లెలో ఒక పాప కరవు దాటి ఎదిగిందనుకుందాం. ‘ఆ పాప ఎంత గట్టిది!’ అని మెచ్చుకుంటాం. ఆ మెప్పు ఆ పాపకు చెందాలి, తప్పకుండా. కానీ మెప్పులో సగం పొద్దున్నే బడిలో పొయ్యి వెలిగించిన వంటమ్మకూ, ఆ బియ్యం పంపిన వ్యవస్థకూ చెందుతుంది. ఆ పాప ఇంటిని పరిశోధనలో చేర్చకపోయి ఉంటే ఆ అన్నం గిన్నె విలువ కొలవడం సాధ్యమయ్యేది కాదు.

5. కుటుంబాలను కలుపుకోవడం ఎలా?

జాబితాలో పేర్లు రాసుకున్నంత మాత్రాన కుటుంబాలు పరిశోధనలో భాగమైనట్టు కాదు. ఒక ఊహాసన్నివేశం చూద్దాం. పాలమూరు వైపు ఒక పల్లెకు ఒక సర్వే అమ్మాయి వచ్చింది. చేతిలో ప్రశ్నల కాగితం.

“పిల్లవాడు తన కష్టసుఖాలు తల్లిదండ్రులతో చెప్పుకుంటాడా? అవునా, కాదా?” అని అడిగింది.

“కాదు” అంది తల్లి. కాగితం మీద ‘కాదు’ దగ్గర టిక్కు పడింది. లెక్కలో ఆ పిల్లవాడు తోడు లేనివాడైపోయాడు.

ఆ అమ్మాయి కాసేపు కూర్చుని ఉంటే ఆ తల్లి ఇంకా చెప్పేది. “మేం బొంబాయికి పనికి పోతం బిడ్డా. పిల్లగాడు వాళ్ల అవ్వ కాడనే పెరిగిండు. ఏదున్నా అవ్వకే చెప్తడు.” ఆ ఇంట్లో తోడు ఉంది, నిండుగా ఉంది. కాగితంలో దానికి గడి లేదు.

అందుకే మంచి పరిశోధకులు కొన్ని పద్ధతులు పాటిస్తారు.

మొదటిది, ప్రశ్నలు తయారుచేసేటప్పుడే ఆ ఊరివాళ్లను కూర్చోబెట్టుకుంటారు. కెనడాకు చెందిన మైకేల్ ఉంగర్ నడిపిన అంతర్జాతీయ అధ్యయనంలో 11 దేశాల్లోని 14 ప్రాంతాలవాళ్లు పాల్గొన్నారు. మన దేశం నుంచి ఇంఫాల్ ఉంది. ‘మీ దగ్గర బాగా ఎదిగిన పిల్లవాడు అంటే ఎవరు?’ అని ఆయా ప్రాంతాలవాళ్లనే అడిగి, వాళ్ల మాటల నుంచి ప్రశ్నలు తయారుచేశారు. చివరికి 28 ప్రశ్నల పత్రం తయారైంది. అందులో పిల్లవాడి పట్టుదల గురించే కాక, ఆకలేస్తే తినడానికి ఉందా, కుటుంబం అండగా నిలుస్తుందా, తన ఆచారాలంటే ఇష్టమా అన్న విషయాలు కూడా చేరాయి.

రెండవది, భాష. శ్రీకాకుళంలో అడిగే తెలుగు, కరీంనగర్‌లో అడిగే తెలుగు ఒకే తీరుగా ఉండవు. హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ కావాలి. పుస్తకాల భాషలో అడిగితే పెద్దవాళ్లు ‘మాకేం తెలుసు బాబూ’ అని తప్పుకుంటారు.

మూడవది, వేళ. పగలు పదకొండు గంటలకు వెళ్తే కూలికి వెళ్లే తల్లి ఇంట్లో ఉండదు. ఇంట్లో ఉన్నవాళ్లనే అడిగి వచ్చేస్తే, కూలి ఇళ్ల మాట ఎప్పటికీ వినబడదు.

నాలుగవది, అనుమతి. ఎందుకు అడుగుతున్నామో, చెప్పిన మాటలు ఎక్కడికి వెళ్తాయో ముందే చెప్పాలి. తల్లిదండ్రులు ఒప్పుకుంటే చాలదు, పిల్లల్ని కూడా అడగాలి. మధ్యలో వద్దనుకుంటే ఆపేయవచ్చు. పేర్లు బయటపెట్టకూడదు. మాటల్లో చెప్పలేని చిన్నపిల్లల చేత బొమ్మలు గీయించి తెలుసుకుంటారు.

అయిదవది, తిరిగి వచ్చి చెప్పడం. ‘మా దగ్గర అన్నీ రాసుకుపోయారు, మళ్లీ కనబడలేదు’ అని ఏ కుటుంబమూ అనుకోకూడదు. తేలిన సంగతి వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అది తప్పని వాళ్లంటే వినాలి కూడా.

6. జాబితా నుంచి జారిపోయే పిల్లలు

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఏళ్ల తరబడి సాగే అధ్యయనాలన్నిటికీ ఒక పెద్ద చిక్కు ఉంది. రెండోసారి వెళ్లేసరికి తలుపుకు తాళం కనబడుతుంది. ‘వాళ్లు ఊరు మారిపోయారు’ అంటారు పక్కింటివాళ్లు. వెతికి పట్టుకోకపోతే ఆ ఇంటి పేరు జాబితాలోంచి పోతుంది. అంటే కదలని కుటుంబాలే మిగులుతాయి. చివరికి ‘పిల్లలు ఇలా ఉంటారు’ అని రాసేది, ఒకేచోట ఉన్న పిల్లల గురించే.

అలా జారిపోయేవాళ్లలో మీలాంటివాళ్లు ఉండవచ్చు. మీకన్నా ఎక్కువగా జారిపోయేది వలస కూలీల పిల్లలు. మీరూ ఊళ్లు మారతారు, వాళ్లూ మారతారు. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. మీ నాన్నగారి చేతిలోనో అమ్మగారి చేతిలోనో బదిలీ ఉత్తర్వు ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారో ముందే తెలుస్తుంది. చాలామందికి క్వార్టరు దొరుకుతుంది. బడి సంగతీ అంతే. 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో కేంద్రీయ విద్యాలయాలు మొదలైందే బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల కోసం. ఏ రాష్ట్రానికి వెళ్లినా అదే పాఠ్యప్రణాళిక, అవే పుస్తకాలు. తేజ్‌పూర్‌లో ఆపిన పాఠం విశాఖపట్నంలో అందుకోవచ్చు.

ఇటుకబట్టీకి వెళ్లిన కుటుంబంలోని పిల్లవాడికి ఇవేవీ లేవు. నవంబరులో బడి మధ్యలో వదిలి వెళ్లి, ఎండాకాలంలో తిరిగి వస్తాడు. వెళ్లినచోట బడి ఉండకపోవచ్చు, ఉన్నా భాష వేరు. ఏడాది చివర అతను వెనకబడితే అది అతని మనోబలం తక్కువై కాదు. నారు మంచిదే. మడిలో నీళ్లు లేవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిల్లలు తట్టుకుంటారు కదా అని కష్టాన్ని అలాగే వదిలేయకూడదు. ‘పేదింటి పిల్లలు గట్టివాళ్లు, వాళ్లకేం కాదు’ అన్న మాట మెచ్చుకోలులా వినిపిస్తుంది, కానీ అది చేతులు దులుపుకోవడమే. నిలదొక్కుకోవడం గురించి చదివేది, ఎవరు ఎంత మోయగలరో చూడడానికి కాదు. ఎక్కడ ఏ సాయం అందితే మోత తగ్గుతుందో తెలుసుకోవడానికి. అలాగే, కొత్త ఊళ్లో కుదురుకోవడానికి మీలో ఎవరికైనా మిగతావాళ్లకన్నా ఎక్కువ రోజులు పడితే అది లోపం అనుకోవద్దు. టీచరుకో, ఇంట్లో పెద్దవాళ్లకో చెప్పండి. అడగడం కూడా నిలదొక్కుకోవడంలో భాగమే.

7. మీరూ చేయవచ్చు: తరగతి పరిశోధన

నలుగురైదుగురు ఒక జట్టుగా ఏర్పడి ఈ చిన్న పని చేయండి. టీచరు సాయం తీసుకోండి.

అ) కనీసం ఆరు కుటుంబాలను ఎంచుకోండి. అన్నీ ఒకే రకం కాకూడదు. తరచూ బదిలీ అయ్యేవాళ్లు, ఒకేచోట ఉన్నవాళ్లు, ఉమ్మడి కుటుంబం, అమ్మ ఒక్కరే లేదా నాన్న ఒక్కరే ఉన్న ఇల్లు, మీ బడిలోనో కాలనీలోనో పనిచేసేవారి ఇల్లు, మీకు తెలియని భాష మాట్లాడేవారి ఇల్లు, ఇలా ఉండాలి.

ఆ) ముందుగా అనుమతి అడగండి. ‘ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదండీ’ అని చెప్పండి. ఎవరి పేరూ రాయవద్దు. బాధ కలిగించే సంగతులు తవ్వి అడగవద్దు.

ఇ) ఈ ప్రశ్నలు అడగవచ్చు: ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మొదట సాయం చేసింది ఎవరు? మీ ఇంట్లో పిల్లలు మనసులోని మాట ఎవరితో చెప్పుకుంటారు? మీ ఇంటి పిల్లలు చేసే పనులేమిటి? ‘బాగా ఎదిగిన పిల్లలు’ అంటే మీ దృష్టిలో ఎవరు? మేం అడగడం మరిచిపోయిన ప్రశ్న ఏదైనా ఉందా?

ఈ) చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులు జాగ్రత్తగా రాసుకోండి. ఆ జవాబులతో మీ ప్రశ్నల పత్రాన్ని ఒకసారి దిద్దండి.

ఉ) తేలిన సంగతి ఒక చార్టు మీద రాసి, మాట్లాడిన కుటుంబాలకు ముందుగా చూపించండి. వాళ్లు సరేనన్నాకే తరగతి గోడకు అంటించండి.

పాఠం మొదట్లో మీరు మారిన బడుల లెక్క వేశారు కదా. ఆ కాగితం మళ్లీ తీయండి. ప్రతి బడి పేరు పక్కన, అక్కడ మీరు కుదురుకోవడానికి సాయపడిన ఒక్క మనిషి పేరు రాయండి. బెంచీలో కాస్త జరిగి చోటిచ్చిన పిల్ల కావచ్చు, బస్సు డ్రైవరు మామయ్య కావచ్చు, రోజూ ఫోన్ చేసిన అమ్మమ్మ కావచ్చు. కాగితం నిండాక దాన్ని ఇంట్లో చూపించండి. వచ్చే నెల మీ తరగతిలోకి కొత్తగా ఒకరు వస్తారు. వాళ్ల కాగితం మీద కూడా ఒక పేరు ఉండాలి కదా.

ఆలోచించి చెప్పండి

1. కవాయి అధ్యయనం పిల్లల 18వ ఏటనే ఆగిపోయి ఉంటే మనకు తెలియకుండా పోయే సంగతి ఏమిటి?
2. తీపి పదార్థం ప్రయోగంలో 2018 నాటి ఫలితాలు మొదటి ఫలితాలకన్నా ఎందుకు వేరుగా వచ్చాయి?
3. సర్వే కాగితంలో ‘కాదు’ అని టిక్కు పెట్టిన ప్రశ్నను మీరు ఎలా మార్చి అడుగుతారు?
4. బదిలీ మీద వెళ్లే పిల్లలకూ, వలస వెళ్లే కూలీల పిల్లలకూ అందే సాయంలో తేడాలు రాయండి.

పదాలు – అర్థాలు

నిలదొక్కుకోవడం: తూలిపోకుండా, పడిపోకుండా స్థిరపడడం
మూన తిరగడం: నాటిన నారు కొత్త వేళ్లు పోసుకుని పచ్చబడడం
దమ్ము: నాట్లకు ముందు నీరు పెట్టి పొలాన్ని బురదగా దున్నడం
మెట్ట: కాలువ నీరు లేక వాన మీద ఆధారపడే నేల
నిబ్బరం: గుండె ధైర్యం